లీయమ్మ తీసిన చెలిమెలు

నా పేరు మౌనశ్రీ. ఈ పేరు పెట్టిన మా నాయనమ్మ, నాకు మాటలు వచ్చిన నాటి నుంచీ నెత్తి కొట్టుకుంటూనే ఉండేదని ఇంట్లో చెప్పుకుంటారు. నా నోరు ఒక పట్టాన మూతపడదు, కోపం ముక్కు మీద ఉంటుంది. బీదర్ వచ్చిన కొత్తలోనే బడిలో కన్నడ మాస్టారితో గొడవ పెట్టుకున్నానంటే మా వాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. గొడవ సెలవు గురించి కాదు, పీరియడ్ల గురించి కాదు. 'చెలిమె' అనే మాట గురించి.

చెలిమె అంటే ఏమిటో ఇప్పుడు చాలామందికి తెలియదు కాబట్టి ముందే చెబుతాను. ఎండాకాలం వాగులూ ఒర్రెలూ ఎండిపోతాయి. పైకి చూస్తే అరికాళ్లు కాలే ఇసుక తప్ప ఏమీ కనిపించదు. కానీ ఆ ఇసుక కింద నీరు ఉంటుంది. సరైన చోట మోకాళ్ల మీద కూర్చుని చేతులతో ఇసుక తోడితే అడుగున నీళ్లు ఊరుతాయి. అలా తోడుకున్న గుంట చెలిమె. మా సిద్దిపేట వైపు పుట్టిన నాకు ఇది అమ్మ పాలతో వచ్చిన మాట. అలాంటి మాటను పట్టుకుని ఆ కన్నడ మాస్టారు ఈరప్ప సార్ స్టాఫ్ రూములో అందరి ముందూ, "చిలుమె అనేది మా మాట టీచర్. మీరు తీస్కపోయి చెలిమె చేసుకున్నరు" అన్నాడు.

"తీసుకపోవడానికి అదేమన్న మీ పెరట్ల జామకాయనా సార్?" అన్నాను. భాల్కి వైపు నుంచి వచ్చిన అటెండరు, తమ మరాఠీలో దాన్ని ఝిరా అంటారని మధ్యలో దూరాడు. అందరినీ శాంతపరచబోయిన హెడ్మాస్టరు, చెలిమిలోంచే చెలిమె పుట్టిందని, కాబట్టి చెలిమిగా ఉండాలని ఉపన్యాసం మొదలుపెట్టాడు. రెండు మాటలు వినడానికి ఒకేలా ఉంటే చాలు, వాటికి చుట్టరికం కలిపేసే వాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆయన పై అధికారి కాబట్టి పళ్లు కొరుక్కుని ఊరుకున్నాను.

తర్వాత తెలిసినవాళ్లను అడిగి చూశాను. కన్నడంలో నేలలోంచి ఉబికే ఏ ఊటనైనా చిలుమె అంటారట. మనం ఇసుకలో తోడుకున్న గుంటనే చెలిమె అంటాం. ఒకటి దానంతటది వచ్చే నీరు, ఇంకోటి మనిషి వంగి తోడితే వచ్చే నీరు. రెండు మాటలకూ వేరు ఒకటేననీ, అది ఈ రెండు భాషలూ విడిపోక ముందటిదనీ చదువుకున్నవాళ్లు అంటారు. అంతకు మించి నాకు తెలియదు, తెలిసినట్టు నటించను. ఈరప్ప సార్‌కు ఆ సంగతి చెబితే, "అయితే సగం మీది, సగం మాది" అని టీ తెప్పించాడు. మనిషి మంచివాడే.

మాట సంగతి అలా తేలింది. ఆ మాటలో ఉన్నదంతా నాకు చూపించిన మనిషి మాత్రం లీయమ్మ. ఆమె రుణం తీరేది కాదు కాబట్టి, కనీసం నలుగురికీ చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

అవి హైదరాబాద్ ఉన్నట్టుండి ఎత్తుకు ఎత్తూ, అడ్డానికి అడ్డమూ పెరిగిపోతున్న రోజులు. మా ఆయన నితీష్ అక్కడ అపార్ట్‌మెంట్లు కట్టే ఒక కంపెనీలో సూపర్‌వైజర్. అద్దెలు చూసి కళ్లు తిరిగి, తను సైట్ మీదే రేకుల గదిలో ఉండేవాడు. అందులో నేను ఉండలేను కదా. బీదర్ నుంచి చిమ్కోడ్ వెళ్లే దారిలో కొత్తగా పెట్టిన ఇంగ్లీషు మీడియం బడిలో లెక్కల టీచరు కావాలంటే వచ్చి చేరాను. బడికి దగ్గర్లో ఒక చిన్న వాడ ఉంది. అక్కడ ఎప్పటి నుంచో ఉంటున్న తెలుగు క్రైస్తవ కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఆ వాడలో లీయమ్మ ఇంటి ముందరి గది నాకు అద్దెకు దొరికింది.

లీయమ్మ అప్పటికి యాభై దాటిన మనిషి. సన్నగా, నల్లగా, నడుము దగ్గర కొంచెం వంగి ఉండేది. పుట్టిల్లు ఔరాద్ దగ్గర. వాళ్ల నాన్న ప్రార్థన మందిరంలో గంట కొట్టేవాడట. ఆ నల్లరేగడి ఊళ్లో బావులే తప్ప ఒర్రెలు లేవు. జీవరాజ్‌ను పెళ్లి చేసుకుని ఈ వాడకు వచ్చాకే చెలిమె అనే మాట మొదటిసారి విన్నదట. జీవరాజ్ ఎర్రరాయి కొట్టే గనిలో పనిచేసేవాడు. బీదర్ ఇళ్లకు గోడలయ్యే రాయి అదే. ఆ రాతి దుమ్ము ఏళ్ల తరబడి పీల్చి, దగ్గి దగ్గి, కొడుకు నథానియేల్ బడికి వెళ్లే వయసులోనే ఆయన పోయాడు. అప్పటి నుంచి లీయమ్మ నీళ్లు మోసి బతికింది. ముందు గనిలో పనివాళ్లకు మోసింది. బడి పెట్టాక బడి కుండలు నింపే పని దొరికింది. పొద్దున్నే ఒర్రెకు వెళ్లి, నెత్తి మీద ఒకటి, చంకలో ఒకటి బిందెలు పెట్టుకుని వచ్చేది.

మొదట్లో నేను ఆ నీళ్లు తాగలేదు. ఇసుకలో తోడిన నీళ్లు తాగేదేమిటని మూతి ముడుచుకుని ట్యాంకర్ నీళ్లు పట్టుకునేదాన్ని. తర్వాత కడుపుతో ఉన్నానని తెలిసింది. ఏది తిన్నా, ఏది తాగినా వాంతులే. చేతిపంపు నీళ్లు ఉప్పగా ఉండి గొంతు దిగేవి కావు, ట్యాంకర్ నీళ్ల వాసనకే కడుపులో తిప్పేది. తల ప్రాణం తోకకు వచ్చి మంచం మీద పడి ఉన్న ఒక సాయంత్రం లీయమ్మ చెంబు తెచ్చి నోటి దగ్గర పెట్టింది.

"జర తాగి చూడు బిడ్డా. కడుపుల నిలుస్తయి."

నిలిచాయి. మర్నాడూ నిలిచాయి. ఆ పైన నేను తాగిన ప్రతి చుక్కా ఆ ఒర్రెదే. నా కూతురు కడుపులో పెరిగింది ఆ నీళ్లతోనే. 

వాంతులు తగ్గాక ఒకరోజు ఆమె వెంట ఒర్రెకు వెళ్లాను. చెలిమె నాకు తెలుసులే అన్న ధీమాతో వెళ్లాను. ఒర్రె మలుపు తిరిగే చోట ఇసుక రంగు కొంచెం ముదురుగా ఉన్న జాగా చూసి ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. రెండు చేతులతో ఇసుక తోడి పక్కకు వేస్తూ మోకాటి లోతుకు పోయింది. అడుగున నీరు చెమ్మగా మొదలై గుంటలో నిలిచింది. నేను చెంబు ముంచబోయాను.

"ఆగు బిడ్డా, చెయ్యి పెట్టకు."

"నీళ్లు వచ్చినయి గద పెద్దమ్మా?"

"వచ్చినయి, ఇంక తేరలే. ఇంటికి వచ్చిన మనిషిని జర దమ్ము తీస్కోనియ్యమా? నీళ్లకు గూడ అంతే."

మొదట వచ్చిన బురద నీళ్లు సొరకాయ బుర్రతో తోడి మేకలు తాగే చిన్న పల్లంలో పోసింది. మళ్లీ ఆగింది. ఈసారి అడుగున ఇసుక రేణువులు కనపడేంత తేటగా ఊరాయి. బుర్ర నింపి నాకిచ్చింది. నువ్వు తాగు ముందు అంటే తల అడ్డంగా ఊపింది. కొత్త చెలిమె తీసినవాళ్లు ముందు తాగరట. ఎదురుగా ఎవరుంటే వాళ్లకు మొదటి బుర్ర ఇస్తారు. అలా తాగిన మనిషి ఇక ఎప్పుడూ ఆ చెలిమెను పూడ్చకూడదు, అలా ఒకరు తాగిన చెలిమె మీద ఇంకెవరూ పార వేయకూడదు. ఇది ఆ ఒర్రె పొడుగునా ఉన్న వాడలన్నిటికీ తెలిసిన కట్టుబాటు.

"మరి చెలిమెలన్నీ ఇట్లనే ఉంటయా?" అని అడిగాను.

"వానకాలం ఒర్రె వచ్చి పూడుస్తది. అది దాని పని, మనది కాదు."

ఈ మాట ఎక్కడిదని ఆమెనూ అడిగాను. నా జబ్బు నాది. "నాకేం ఎరుక? మా అత్త అన్నది, నేను అన్న. ఇసుక కింద దాసి పెట్టిన నీళ్లకు ఏదో ఒక పేరు లేకుంటే ఒగలకొగలు ఎట్ల చెప్పుకుంటరు?" అంది. లేచి, పురుగూ పుట్రా పడకుండా గుంట మీద తుమ్మకంప కప్పి బిందె ఎత్తుకుంది.

ఆమె ఏ పని ముగించినా "దేవునికి స్తోత్రం" అనేది. బిందె నిండితే అనేది, బియ్యం ఉడికితే అనేది. ఆ రోజుల్లో ఆమె ఎక్కువసార్లు స్తోత్రం చెప్పుకున్నది మాత్రం ఒక ట్రాక్టరు గురించి.

ఆ ట్రాక్టరు మొగులప్పది. హైదరాబాద్‌లో లేచే ప్రతి గోడకూ ఇసుక కావాలి. ఎక్కడెక్కడి వాగులూ చాలక మా ఒర్రె దాకా వచ్చారు. మొగులప్ప ట్రాక్టర్లతో ఇసుక ఎత్తించి రోడ్డు పక్కన కుప్ప పోయిస్తే, అక్కడి నుంచి లారీలు తీసుకెళ్లేవి. మొగులప్ప పరాయివాడు కాదు, ఒర్రె అవతలి వాడలోని మనిషే. నథానియేల్‌ను డ్రైవరుగా పెట్టుకున్నది ఆయనే. అంతకు ముందు ఆ పిల్లవాడు తండ్రి పోయిన గనిలోనే రాయి కొడుతున్నాడు. అతనికీ దగ్గు మొదలైంది. రాత్రిపూట ఆ దగ్గు వినపడినప్పుడల్లా లీయమ్మ లేచి కూర్చునేదట.

"మొగులప్ప నా కొడుకును గనిలకెల్లి బయటికి గుంజిండు బిడ్డా. ఆయన సల్లగుండాలె" అనేది.

నాకు మాత్రం ఆ ట్రాక్టర్లను చూస్తే అరికాలి మంట నెత్తికెక్కేది. కింది మలుపులో ఇసుక ఖాళీ అయింది. అడుగున ఎర్ర మొరం తేలింది. మొరంలో చెలిమె ఊరదు. ఇసుకే నీళ్లను పట్టి ఉంచుతుంది, ఇసుక పోతే వచ్చిన నీళ్లు వచ్చినట్టే జారిపోతాయి. బడి పిల్లల్ని ఒర్రెకు తీసుకెళ్లి చెలిమె అంటే ఇదీ అని చూపిద్దామనుకునే లోపు నడిమి మలుపు కూడా పోయింది. ఆ వాడల్లో ఎవరూ గట్టిగా అడ్డు చెప్పలేదు. ఎలా చెబుతారు? ప్రతి ఇంట్లో ఒకరు ఆ ఇసుక ఎత్తే కూలికి పోతున్నారు. ఒక ఆదివారం నితీష్ ఫోన్ చేసి, "సైట్ మీద మంచి ఇసుక దొరుకుతలేదు, బీదర్ దిక్కు ఉన్నదట గదా?" అన్నాడు. తిట్టి ఫోన్ పెట్టేశాను. పాపం, అతనికి ఎందుకు తిట్టానో ఆ రోజు అర్థం కాలేదు.

చివరికి పై మలుపు ఒక్కటే మిగిలింది. మా వాడకూ బడికీ నీళ్లిచ్చే చెలిమె ఉన్నది అక్కడే. ఒక సాయంత్రం నథానియేల్ ఇంటికి వచ్చి గడప మీద కూర్చుని చెప్పుల ఇసుక దులిపాడు. తర్వాత తల ఎత్తకుండానే చెప్పాడు.

"అమ్మా, రేపు పై మలుపు ఎత్తుతరట."

లీయమ్మ రొట్టె కాలుస్తోంది. పెనం మీది రొట్టె తిప్పింది.

"మొగులప్ప బోరు ఏయిస్తనంటుండు వాడకు. ఊకెనే అనలే, బరాబర్ ఏయిస్తడు" అన్నాడు నథానియేల్.

నేను ఊరుకుంటానా? గదిలోంచి వచ్చి అందుకున్నాను. ఎండిపోయిన బోర్ల పక్కన ఇంకో ఎండిపోయే బోరు వేయించడానికి ఆయన పెద్దమనసు ఎందుకు, నీకు బుద్ధి లేదా అని కడిగేశాను. నథానియేల్ నా వైపు చూసి నెమ్మదిగా అన్నాడు. "ట్రాక్టర్ దిగితే నాకున్నది గని ఒక్కటే అక్కా. నువ్వే చెప్పు, ఏం జెయ్యాలె?"  లీయమ్మ ఒక్కటే అడిగింది.

"రేపు ఎంతమంది వస్తుండ్రు?"

"కూలోళ్లు ఆరుగురు. కిష్టప్ప మామ వాళ్ల జట్టు."

ఆమె పెనం దించింది. కొడుక్కి రొట్టె పెట్టింది.

మర్నాడు తెల్లవారుతుండగా మెలకువ వచ్చి చూస్తే ఇంట్లో ఆమె లేదు.  కడుపు పట్టుకుని నిదానంగా ఒర్రెకు నడిచాను. పై మలుపులో ఆమె మోకాళ్ల మీద ఉంది. అప్పటికే ఒర్రెకు అడ్డంగా ఒక వరుసలో చెలిమెలు తీసి ఉన్నాయి. చేతి గోళ్ల దగ్గర చర్మం లేచి నెత్తురు వస్తోంది. ఇన్ని ఎందుకని అడిగాను.

"మనిషికి ఒకటి" అంది.

ఒక్క క్షణం పట్టింది నాకు అర్థం కావడానికి. అర్థమయ్యాక నేనూ ఇసుకలో కూర్చోబోయాను. ఆమె కసిరింది. "ఆ కడుపుతోని వంగుతవా? పక్కకు కూసో. నోరుతోని ఏమన్న పని ఉంటే పిలుస్త." ఆ సమయంలోనూ నన్ను ఆటపట్టించకుండా ఉండలేకపోయింది. నేను గట్టు మీద కూర్చుని చూశాను. ఆరు చెలిమెల్లో నీళ్లు తేరాయి. వరుస చివర, గట్టుకు ఆనుకుని ఏడోది మొదలుపెట్టింది. దాని దగ్గర ఎందుకో ఆమె చెయ్యి మందగించింది. అలసిపోయిందనుకున్నాను. అంతలో ట్రాక్టరు చప్పుడు వినిపించింది.

కూలివాళ్లు పారలు, తట్టలతో ట్రాలీ దిగారు. ముందు కిష్టప్ప దిగాడు. నెరిసిన మీసాలు, తలకు ఎర్ర తువ్వాలు. జీవరాజ్‌తో పాటు గనిలో పనిచేసిన మనిషి. వరుసగా ఉన్న చెలిమెలు చూసి ఆగిపోయాడు.

"ఏంది లీయక్కా ఇది?"

"ఎండ జల్ది ముదురుతాంది కిష్టప్పా. పని మొదలువెట్టే ముందట నీళ్లు తాగుండ్రి" అంది ఆమె. మొదటి చెలిమెలో బుర్ర ముంచి ఆయన చేతికి ఇచ్చింది.

ఆమె ఎవరినీ మోసం చేయలేదు. ఆ కట్టుబాటు ఆమెకు ఎంత తెలుసో వాళ్లకూ అంతే తెలుసు. కిష్టప్ప బుర్ర పట్టుకుని నిలబడ్డాడు. వద్దని నేల మీద పెట్టేసి, పార తీసుకుంటే అడిగేవాళ్లు లేరు. ఆయన ఇంట్లోనూ పొయ్యి వెలగాలి. బుర్రలోకి చూశాడు, ఆమె ముఖంలోకి చూశాడు.

"గనిల ఉన్నప్పుడు గిట్లనే ఇస్తుంటివి అక్కా. జీవరాజ్ దమ్ము ఆడక కూసుంటే నా వంతు గూడ వానికే తాపుతుంటి" అన్నాడు.

గటగటా తాగేశాడు. బుర్ర ఆమెకు ఇచ్చి, పారను తీసుకుపోయి గట్టు మీద తుమ్మచెట్టుకు ఆనించి, దాని నీడలో కూర్చున్నాడు. మిగతా వాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. వాళ్లలో కుర్రవాడొకడు వెనకా ముందూ ఆడితే కిష్టప్ప ఏమీ అనలేదు. ఆ కుర్రవాడే కాసేపటికి వచ్చి తన చెలిమె దగ్గర కూర్చుని చెయ్యి చాపాడు. ఆరు పారలూ చెట్టుకు చేరాయి. అక్కడే ఆ ఆరుగురి కాళ్లకూ దండం పెట్టాలనిపించింది నాకు.

నథానియేల్ మాత్రం ట్రాక్టరు దిగలేదు. ఇంజను ఆపలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. లీయమ్మ అతన్ని పిలవలేదు. ఏడో చెలిమె వైపు కూడా చూడలేదు. నాకు కోపం ఆగలేదు. "నథాని, దిగుతవా లేదా?" అని అరవబోతే ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడే మొగులప్ప మోటారు సైకిలు మీద వచ్చాడు. వరుసను చూడగానే సంగతి ఆయనకు ఒకరు చెప్పనక్కర లేకపోయింది. ముఖం ఎర్రబడింది.

"అందరు తాగిండ్రా?" అని కిష్టప్పను అడిగాడు.

"తాగినం."

"ఆ చివరిది ఎవరిది?"

కిష్టప్ప ట్రాక్టరు వైపు చూశాడు. "డ్రైవర్‌ది" అన్నాడు తర్వాత.

"తాగిండా?"

"తాగలే."

"మరింకేంది? ఎవ్వరు తాగంది అదొక్కటున్నది గద. ఆడికెల్లి షురూ చేద్దాం. నేనేం తప్పు చేస్తలేను." చెట్టు దగ్గరికి వెళ్లి తనే ఒక పార అందుకున్నాడు. ఆయన లెక్క తప్పు కాదు. ఆ ఒక్క చోట పార పడితే చాలు. గట్టు పక్కన గొయ్యి పడగానే పైనున్న ఇసుక అటు జారడం మొదలవుతుంది. సాయంత్రానికి ఆ మలుపు ఉండదు. మొగులప్ప ఏడో గుంట దగ్గర నిలబడి పార ఎత్తాడు.

ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దంలో మొగులప్ప కూడా చెయ్యి ఆపి వెనక్కి తిరిగాడు. నథానియేల్ దిగి నడుచుకుంటూ వచ్చాడు. "జర జరుగు సావుకార్" అన్నాడు. ఇసుకలో బోర్లా పడుకుని, గుంటలోకి తల వంచి, బుర్ర కూడా లేకుండా నోటితోనే తాగాడు. లేచేసరికి మూతి నిండా ఇసుక, గడ్డం మీద ఎర్ర బురద. జేబులోంచి తాళంచెవి తీసి మొగులప్పకు ఇచ్చాడు.

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. సంతోషం పట్టలేక లీయమ్మ వైపు తిరిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముఖం పక్కకు తిప్పుకుంది. ఆనందబాష్పాలనుకున్నాను.

మొగులప్ప పార కింద పడేశాడు. అందరినీ పేరు పేరునా తిట్టాడు, ఇక మీ ముఖాలు చూడనన్నాడు, ట్రాక్టరు తనే నడుపుకుంటూ వెళ్లిపోయాడు. ఆయనకేం, ఇసుక ఇంకోచోట దొరికింది. హైదరాబాద్ పెరగడం ఆగలేదు. కానీ మా పై మలుపు మిగిలింది. ఆ కాస్త ఇసుక కోసం తోడే మిషను తెప్పించడం గిట్టుబాటు కాదని ఆయన వదిలేశాడని కొందరంటారు. ఆయన భార్యకూ ఆ ఒర్రెలో ఒకప్పుడు లీయమ్మ అత్త మొదటి బుర్ర ఇచ్చిందని, ఆమె మొగుణ్ణి ఆపిందని కొందరంటారు. ఏదైనా సరే, ఆయనకూ నా నమస్కారం. నథానియేల్ ఆ వానలు పడేదాకా మళ్లీ గనిలోనే రాయి కొట్టాడు. ఈరప్ప సార్ హెడ్మాస్టరు వెంటపడి వెంటపడి చివరికి అతన్ని బడి బస్సు మీద డ్రైవరుగా పెట్టించాడు. నా కూతురు వానలు మొదలయ్యాక పుట్టింది. దానికి లీయా అని పేరు పెడతానంటే మా అత్తగారు ఇంట్లో కాకిగోల చేసింది. పెట్టాను.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ పొద్దున మొగులప్ప వెళ్లిపోయాక కూలివాళ్లు కూడా ఒక్కొక్కరే లేచి వెళ్లారు. మేం ముగ్గురం మిగిలాం. నథానియేల్ మూతి తుడుచుకుంటూ వచ్చి తల్లి పక్కన కూలబడ్డాడు. నవ్వబోయాడు.

"అందరియాంట్ల తేట నీళ్లు, నాదాంట్లనే బురద. అలిసిపోయినవా అమ్మా?"

"అలిసిపోలే."

"మరి?"

లీయమ్మ నెత్తురు కారుతున్న వేళ్లు చూసుకుంటూ కూర్చుంది. 

"నీది కావాల్ననే సగం తీసి ఇడిసిపెట్టిన బిడ్డా. దాంట్ల నీళ్లు ఊరకుంటే నువ్వు తాగకపోదువు. నీ నౌకరి నీకుండు. ఇసుక పోతే పోనీ అనుకున్న. నా పానమంతా నీ దగ్గు మీదనే ఉండె." ఆమె ఏడో గుంట వైపు చూసింది. "ఇన్నేండ్లల్ల ఎన్ని చెలిమెలు తీసిననో. నీళ్లు రావొద్దు దేవా అని ప్రార్థన చేసింది ఆ ఒక్కదానికే. దేవుడు ఇనలే."

నథానియేల్ ఆమె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, వాటికి అంటిన ఇసుకను మెల్లగా దులిపాడు.

"ఇనకపోవుడే మంచిగైంది అమ్మా" అన్నాడు. లేచి వెళ్లి, ఆ గుంట పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మిగిలిన సగం తోడటం మొదలుపెట్టాడు.